తెర మీది తార

తెలుగున 'తార' యను మాటకు రెండర్థములు గలవు. ఆకాశమున మెరయు చుక్క తార. వెండితెర మీద మెరయు నటుడు గాని నటి గాని తారయే. ఈ రెండు విధములైన తారలకును త్రోవ చూపు ఊరొకటి ఆంధ్రదేశమున కలదు. అది సూళ్లూరుపేట.

కాళంగి నదీ తీరమున, చెంగాళమ్మ కోవెలతో ప్రసిద్ధికెక్కిన ఈ పట్టణము పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాలను మార్చి కూర్చినపుడు తిరుపతి జిల్లాలో చేరినది. ఇక్కడినుండి తూర్పునకు పోవు బాట పులికాటు సరస్సును దాటి శ్రీహరికోటకు చేరును. ఆ బాట చివర రాకెట్లు ఆకాశమునకు ఎగయుచుండును. దక్షిణమునకు పోవు రైలు సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న చెన్నపట్టణమునకు చేరును. ఆ పట్టముల చివర ఒకనాడు తెలుగు చలనచిత్రములు తయారగుచుండెను.

2019లో సూళ్లూరుపేట చెంత ఒక క్రొత్త చిత్రశాల వెలసినది. దాని తెర వెడల్పు సుమారు నూరడుగులు. అంతటి తెర మీద నటుని ముఖము మేడంత కనబడును. దానిని చూచిన బాలునకు తానును ఒకనాడు అట్లు కనబడవలెనను కోరిక పుట్టుటలో వింత లేదు. ఆ కోరిక ఎందరినో ఊరు విడిపించినది. కొందరిని ఏడిపించినది. ఆ కోరికనే కథగా చేసికొని లోకమును నవ్వించిన చిత్రములును కలవు. ఆ నవ్వులో దాగియున్న నిజమేమో తెలిసికొనుట చిత్రములను ప్రేమించు వారికందరికిని మేలు.

తెలుగున మొదటి మాటాడు చిత్రము 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయ్యెను. ఆపై పలు సంవత్సరములు తెలుగు చిత్రములలో పెక్కింటికి చెన్నపట్టణమే పుట్టినిల్లు. వాహిని, జెమినీ, ఏవీఎం, విజయా మొదలగు స్టూడియోలు అచ్చటనే యుండెను. కోడంబాకము, వడపళని యను పేటల పేర్లు తెలుగు పల్లెలలో సైతము వినబడుచుండెను. తరువాత పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదునకు తరలిపోయినది. అంతవరకు వేషము కోరిన వారందరికిని చెన్నపట్టణమే గమ్యస్థానము. నెల్లూరు సీమవారికి ఆ పట్టణము మరింత దగ్గర. ఉదయము రైలెక్కిన మధ్యాహ్నమునకు ముందే అచ్చట దిగవచ్చును.

అట్లు దిగినవారిలో పలువురకు స్టూడియో గేటు వరకే ప్రవేశము. గేటు ముందర నిలిచి కారులో పోవు నటుని చూచుట, జేబులోని డబ్బు చెల్లువరకు సత్రములో నుండుట, వేషమిప్పింతునని చెప్పినవాని చేతిలో ఉన్నది పోగొట్టుకొనుట, సిగ్గుతో ఇంటికి ఉత్తరము వ్రాయుట — ఇట్టి కథలు ఆనాడు ప్రతి ఊరను వినబడుచుండెను. నేడు గేటు స్థానమును చేతిలోని ఫోను ఆక్రమించినది. అరనిమిషపు ఆటపాటలను అందులో చిత్రించి లోకమునకు పంపి, ఎందరు చూచిరాయని గడియకొకసారి లెక్కించుకొను బాలబాలికలు ఊరూరను గలరు. సాధనము మారినది గాని కోరిక మారలేదు.

ఈ కోరిక హాస్యమునకు మంచి వస్తువెట్లయ్యెను? హాస్యము పొంతనలేమి నుండి పుట్టును. రానిదానిని వచ్చుననుకొనుట, లేనిదానిని ఉన్నదనుకొనుట నవ్వు పుట్టించును. తారాపథమును కోరువాడు అద్దములో తన్ను రాజుగా చూచుకొనును. చూచువారికి వాడు కిరీటము సరిగా నిలువని కుఱ్ఱవానిగా కనబడును. ఈ రెండు చూపుల నడుమ నున్న దూరమే నవ్వు. అయితే మంచి హాస్యము ఆ కుఱ్ఱవానిని అవమానింపదు. వాని కోరిక నిజమైనదని గుర్తించి, వాని తొట్రుపాటును మాత్రమే చూచి నవ్వును. ఇట్టి కథకు పాట తోడైనచో సంగీత హాస్యచిత్రమగును. అందులో పాట అలంకారము మాత్రమే కాదు. కథను ముందునకు నడపు బండిచక్రము కూడ.

ఈ కోవకు చెందిన చిత్రములలో లోకప్రసిద్ధమైనది 'సింగిన్ ఇన్ ది రెయిన్'. అది 1952లో అమెరికాలో విడుదలయ్యెను. జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ దానికి దర్శకులు. కథ 1927 నాటిది. అప్పటివరకు చలనచిత్రములు మూగవి. నటులు పెదవులు కదలింతురు. మాటలు అక్షరములుగా తెర మీద కనబడును. ఆ సంవత్సరమున మాటయు పాటయు గల చిత్రమొకటి విజయము పొందగా స్టూడియోలన్నిటను కలకలము బయలుదేరెను. అందరును మాటాడు చిత్రములనే కోరిరి.

ఆ కథలో లీనా యను తార గలదు. ఆమె రూపము చంద్రబింబము. గొంతు మాత్రము కీచుగొంతు. మూగచిత్రములలో ఆ గొంతు ఎవరికిని తెలియలేదు. మాటాడు చిత్రమును తీయ మొదలిడినంతనే తిప్పలు ప్రారంభమయ్యెను. మాటను పట్టు మైకును పొదలో దాచిరి. ఆమె తల త్రిప్పిన మాట వినబడదు. మైకును ఆమె దుస్తులలో కుట్టిరి. మాటకు బదులు గుండె చప్పుడు వినబడెను. చిత్రమును ముందుగా కొందరికి చూపినపుడు బొమ్మకును ధ్వనికిని పొందిక తప్పి, స్త్రీ మాట పురుషుని నోటను, పురుషుని మాట స్త్రీ నోటను వెడలెను. శోకరసము పండవలసిన చోట జనులు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి.

అప్పుడు ఒక ఉపాయము తోచినది. కాథీ యను యువతి కలదు. ఆమెకు మంచి గొంతు గలదు గాని పేరు లేదు. లీనా పెదవులు కదలింప, కాథీ మాటలాడి పాడవలెను. ఉపాయము ఫలించెను. చిత్రము గెలిచెను. కీర్తి మాత్రము లీనాకే దక్కెను. కాథీ ఎప్పటికిని తెర వెనుకనే ఉండవలెనని లీనా పట్టుపట్టెను. తొలి ప్రదర్శన నాటి రాత్రి జనులు లీనాను వేదిక మీద పాడుమని కోరిరి. ఆమె ముందు నిలిచి పెదవులు కదలించెను. తెర వెనుక కాథీ పాడెను. కథానాయకుడును అతని మిత్రులును కలసి ఆ తెరను పైకి లాగివేసిరి. పాడుచున్నది ఎవరో లోకమునకు తెలిసిపోయెను. సిగ్గుపడి పరుగెత్తుచున్న కాథీని ఆపి, అసలు తార ఈమెయేయని కథానాయకుడు సభవారికి చాటిచెప్పెను.

ఈ కథకు మరియొక విచిత్రమైన మలుపు గలదు. అది చిత్రములో లేదు, చిత్రము వెలుపల నున్నది. కాథీ వేషము వేసిన డెబ్బీ రేనాల్డ్సునకు అప్పటికి పందొమ్మిదేండ్లు. ఆమె నాట్యము నేర్చినది కాదు. నాట్యమున ఆరితేరిన ఇద్దరితో సమానముగా అడుగు వేయుటకై ఆమె పాదములు నెత్తురు కారువరకు అభ్యసించెను. ఇక, ఇతరులకు గొంతు అరువిచ్చిన కాథీ కథలో, ఆ కాథీకే ఒక పాటలో మరియొక గాయని గొంతు అరువిచ్చెను. ఆమె పేరు బెట్టీ నోయిస్. చిత్రమున ఆమె పేరు ప్రకటింపబడలేదు. లీనాకు కాథీ మాటలిచ్చుచున్నట్లు చూపిన ఘట్టమున వినబడు గంభీరమైన కంఠము నిజమునకు లీనా వేషము వేసిన జీన్ హేగెన్‌దే! తెర వెనుకనున్న వారికి న్యాయము జరుగవలెనని చెప్పిన చిత్రమునకే తెర వెనుక మరికొందరుండిరి.

తెలుగు చిత్రములకును ఇట్టి చరిత్ర గలదు. మొదటి రోజులలో నటులే పాడవలెను. నటించుచునే పాడవలెను. వాద్యగాండ్రు కెమెరాకు కనబడకుండ ప్రక్కగా కూర్చుండి వాయించెడివారు. నాగయ్య, భానుమతి వంటి వారు అటు నటనలోను ఇటు గానములోను ఆరితేరినవారు. అందరికి అట్టి భాగ్యము ఉండదు. అందుచేత పాడువారు వేరు, కనబడువారు వేరు అను నేపథ్యగాన పద్ధతి క్రమముగా స్థిరపడెను. ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు ఎందరో నటుల గొంతుగా వెలసినది. తరువాతి కాలమున ఆ బాధ్యతను వహించిన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము నెల్లూరుతో గాఢమైన అనుబంధము గలవాడు. అతడు ఇంజనీరు కావలెనని చదివెను. చెన్నపట్టణమున ఒక పాటల పోటీలో అతని గానమును విన్న సంగీత దర్శకుడు కోదండపాణి అతనిని చిత్రరంగమునకు తెచ్చెను. ఏ నటునకు పాడిన ఆ నటుని మాటతీరునకు తగినట్లు గొంతును మలచుకొనుట అతని విద్య. హాస్యనటునకు పాడునపుడు ఆ గొంతే ముసిముసిగా నవ్వును.

ఒక పాట తెర మీద నాలుగు నిమిషములు సాగును. దాని వెనుక జరుగు పని ఏమి? ముందుగా దర్శకుడు సన్నివేశమును వివరించును. సంగీత దర్శకుడు వరుసను కట్టును. కవి ఆ వరుసలో మాటలను పొదుగును. కొన్నిసార్లు మాటలే ముందు పుట్టును, వరుస వెనుక వచ్చును. వాద్యగాండ్రు అభ్యసింతురు. గాయకులు పాడుదురు. ధ్వనిని పట్టువారు దానిని పదిలపరతురు. తరువాత నృత్య దర్శకుడు అడుగులు నేర్పును. చిత్రీకరణ స్థలమున ఆ పాటను బిగ్గరగా వినిపింప, నటుడు దానికి సరిగా పెదవులు కదలించును. దీపములు పట్టువారు, దుస్తులు కుట్టువారు, ముఖమునకు రంగు పూయువారు, కెమెరా నడుపువారు తమ తమ పనులు చేయుదురు. ఇట్లు ముక్కలుముక్కలుగా తీసిన దానిని కూర్పరి అతుకు కనబడకుండ కూర్చును. హాస్యగీతమైనచో పని మరింత కఠినము. మాట ఒక క్షణము ఆలస్యమైనచో నవ్వు రాదు. కష్టము కనబడినచో నవ్వు నిలువదు.

ఇంతమందిలో ప్రేక్షకుడు గుర్తుంచుకొనునది ఒక్క ముఖమును మాత్రమే. తక్కినవారి పేర్లు తెర మీద పైకి జారిపోవుచుండగా జనులు చెప్పులు వెదకికొనుచుందురు. అట్లు పేరు జారిపోవు కోవకు చెందియు, తెలుగువారి నోళ్ల నిలిచిపోయిన ఒకని స్వగ్రామము సూళ్లూరుపేట చేరువనే కలదు. ఆ గ్రామము మంగళంపాడు. అతడు ఆచార్య ఆత్రేయ.

ఆత్రేయ అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. 1921 మే 7వ తేదీన జన్మించెను. తన గోత్రము పేరునే కలము పేరుగా పెట్టుకొనెను. అతడు చిన్ననాటనే నాటకముల వైపు మొగ్గెను. క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాలకు వెళ్లెను. గుమాస్తాగా పనిచేసెను. నెల్లూరు పత్రిక 'జమీన్ రైతు'లో పనిచేసెను. తాను చూచిన బ్రతుకులనే నాటకములుగా వ్రాసెను. చాలీచాలని జీతముతో సంసారమును ఈదు చిన్న ఉద్యోగి వెతలను 'ఎన్.జి.ఓ.' నాటకమున చూపెను. ఆ నాటకము తెలుగునాట పెక్కు చోట్ల ఆడబడి అతనికి పేరు తెచ్చెను. 'కప్పలు', 'విశ్వశాంతి', 'ఈనాడు' మొదలగునవి అతని ఇతర నాటకములు.

1951లో వచ్చిన 'దీక్ష' చిత్రముతో అతడు సినిమా కవి యయ్యెను. అటుపిమ్మట నాలుగు దశాబ్దముల కాలము వెయ్యికి మించిన పాటలను వ్రాసెను. సంభాషణలు వ్రాసెను. 1961లో 'వాగ్దానము' చిత్రమునకు దర్శకత్వము వహించెను. అతని భాష కఠినమైన సమాసముల భాష కాదు. ఇంట వంట చేయుచు, బావి వద్ద నీరు తోడుచు పలుకు మాటలే అతని పాటలలో కనబడును. మనస్సును గూర్చి ఎక్కువగా వ్రాసినందున లోకులు అతనిని మనసు కవి యనిరి. అతడు తొందరగా వ్రాసెడివాడు కాడు. సరియైన మాట దొరకువరకు కలము కదలదు. అందుచేత, ఆత్రేయ వ్రాసి ప్రేక్షకులను, వ్రాయక నిర్మాతలను ఏడిపించునని ఆనాడు చమత్కారముగా చెప్పుకొనెడివారు.

ఏడిపించుటయే గాక నవ్వించుటయు అతనికి తెలియును. 1978లో విడుదలయిన 'మరో చరిత్ర' చిత్రమున అలిగిన నాయికను నాయకుడు నవ్వింపజూచు ఘట్టము గలదు. వారిద్దరును ఒక మేడ లిఫ్టులో నుందురు. ఆ ఘట్టమునకు ఆత్రేయ సినిమాల పేర్లతోనే ఒక పాటను అల్లెను. ఒక పేరు తరువాత మరియొక పేరు వచ్చుచు, అన్నియు కలసి ఒక అర్థము నిచ్చును. దానిని పాడినవారిలో ఒకడు బాలసుబ్రహ్మణ్యము. కవియు గాయకుడును నెల్లూరు సీమతో సంబంధము గలవారే. తెర మీద కనబడినవారు మాత్రము వేరొకరు. పాటను విన్నవారు నటులను మెచ్చుకొనిరి. అది తప్పు కాదు. మెప్పు అచ్చటనే ఆగిపోవుట మాత్రము తప్పు.

తారలు ఎట్లు తయారగుదురో చూపు నిజమైన ఉదాహరణమొకటి ఆత్రేయ పనిచేసిన చిత్రముననే దొరకును. 1965లో ఆదుర్తి సుబ్బారావు 'తేనె మనసులు' అను రంగుల చిత్రమును తీసెను. అప్పటికే పేరుపొందిన నటులను తీసికొనక, క్రొత్తవారు కావలెనని పత్రికలలో ప్రకటించెను. ఛాయాచిత్రములు కుప్పలుగా వచ్చిపడెను. ఎన్నికైన కొద్దిమందిలో తెనాలి చెంతనున్న బుర్రిపాలెపు యువకుడు కృష్ణ యొకడు. ఎన్నిక యగుటతో పని తీరలేదు. అప్పుడే ప్రారంభమయ్యెను. క్రొత్తవారికి మాట పలుకుట, నడచుట, అడుగు వేయుట నేర్పిరి. కృష్ణ నటన చాలదని, అతనిని మార్చవలెనని కొందరు ఒత్తిడి చేసిరి. ఆదుర్తి చలింపలేదు. నేర్పుటయందు ఆయనయు, నేర్చుకొనుటయందు కృష్ణయు వెనుకంజ వేయలేదు. ఆ కృష్ణయే తరువాత మూడువందలకు పైగా చిత్రములలో నటించెను. ఆనాడు ఒక గురువు నమ్మి నిలబడకున్నచో ఆ తార ఉదయించియుండదు.

పెద్ద స్టూడియోలు, పెద్ద తారలు లేకయే చిత్రములు తీయవచ్చునని చెప్పిన ధోరణి యొకటి లోకమున బయలుదేరినది. దానిని నవ తరంగమందురు. 1950వ దశకపు చివర ఫ్రాన్సు దేశమున కొందరు యువకులు చేతబట్టు కెమెరాలతో వీధులలోనికి వచ్చి, క్రొత్త ముఖములతో చిత్రములు తీసిరి. ఆ గాలి భారతదేశమునను వీచెను. నెల్లూరునకు చెందిన కవి తిక్కవరపు పట్టాభిరామరెడ్డి 1970లో 'సంస్కార' అను కన్నడ చిత్రమును తీసెను. అది జాతీయ ఉత్తమ చిత్రముగా ఎన్నికయ్యెను.

ఇట్టి ధోరణిలో తారాపథపు కోరికను హాస్యముగా చూపిన తెలుగు చిత్రము 'సినిమా బండి'. దీనిని ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వమున తీసిరి. ఇది 2021 మే నెలలో ప్రేక్షకుల ముందుకు వచ్చెను. కథ గొల్లపల్లి యను పల్లెలోనిది. వీరబాబు ఆటో నడుపుకొనువాడు. ఒకనాడు అతని ఆటోలో ఎవరో ఒక విలువైన కెమెరాను మరచిపోయిరి. చిన్న చిత్రములు పెద్ద లాభములు తెచ్చుచున్నవను వార్తను చూచి, తానును ఒక చిత్రమును తీయవలెనని అతడు నిశ్చయించుకొనెను. వచ్చిన ధనముతో ఊరిని బాగుచేయవచ్చునని అతని ఆశ. పెండ్లిండ్లకు ఫొటోలు తీయు గణపతి కెమెరా పట్టువాడయ్యెను. క్షౌరవృత్తిలోనున్న యువకుడు నాయకుడయ్యెను. కూరగాయలు అమ్ముకొను మంగ నాయికయయ్యెను.

అక్కడినుండి కథ యంతయు నవ్వులే. నాయకునకు నటన రాదు గాని నాయకుని దర్పము వచ్చును. నాయిక కెమెరాకు జంకదు. ఎదుటివాడు తప్పు చేసిన ఊరుకొనదు. ముందటి దృశ్యమున నున్నది తరువాతి దృశ్యమున లేదని ఒక చిన్న బాలుడు పట్టుకొనును. పెద్ద చిత్రములలో ఆ పనికి ప్రత్యేకముగా ఒకరిని నియమింతురు. ఊరివారు మొదట ఎగతాళి చేసిరి. తరువాత తామును ఒక చేయి వేసిరి. ఇందులో చూడవలసిన విషయమొకటి గలదు. వారిలో ఎవరును తారలు కాలేదు. అయినను చూచిన వారికి వారు ఓడినట్లు తోచదు. తార కావలెనని మొదలిడినవారు చివరకు పనిలోనే ఆనందమును కనుగొనిరి.

అమెరికా దేశపు 1952 నాటి చిత్రమును, గొల్లపల్లి ఆటో కథయు వేరువేరు లోకములకు చెందినవి. ఒకదానికి గొప్ప స్టూడియో గలదు. మరియొకదానికి ఒకే కెమెరా. రెండును చెప్పు మాట ఒక్కటియే. తారాపథమును చూచి పరుగెత్తువాడు పైనున్న వెలుగును మాత్రమే చూచును. ఆ వెలుగును మోయుచున్న భుజములను చూడడు. చూచిన నాడు వానికి రెండు లాభములు కలుగును. మొదటిది, వట్టి మెరుగును చూచి మోసపోడు. రెండవది, తనకు తగిన చోటు ఆ భుజముల నడుమ ఎచ్చటనో ఉండవచ్చునని తెలిసికొనును. మాటల మీద ప్రేమ గలవాడు కవి కావచ్చును. చెవి నిశితముగా నున్నవాడు ధ్వనిని పట్టు పనివాడు కావచ్చును. తప్పును పట్టుకొను చురుకుదనము గలవాడు కూర్పరి కావచ్చును. మంగళంపాడు బాలుడు తెర మీద ముఖము చూపి పేరు పొందలేదు. మాట చూపి పేరు పొందెను. 1989లో అతడు కన్నుమూసెను. అతని పాటలు నేటికిని పొలముల గట్ల మీద, బస్సులలో, పెండ్లి పందిళ్లలో వినబడుచున్నవి.

సూళ్లూరుపేట నుండి తూర్పునకు పోవు మొదటి బాట చివర కూడ ఇదే పాఠము గలదు. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టును ప్రయోగించిరి. అది కక్ష్యను చేరలేక సముద్రమున పడినది. ఆ పథకమునకు నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలామ్. ఆయనయు సహచరులును తప్పును వెదకి సరిదిద్దిరి. 1980 జూలై 18వ తేదీన మరల ప్రయోగింపగా రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరెను. ఆ రాకెట్టు బరువు సుమారు 17 టన్నులు. అది మోసికొని పోయిన ఉపగ్రహము బరువు సుమారు 35 కిలోలు. రాకెట్టున నాలుగు అంచెలుండెను. ఒక్కొక్క అంచె మండి, పైదానిని పైకి త్రోసి, తాను విడిపోయెను. చివరకు ఆకాశమున తిరిగినది ఆ చిన్న రోహిణియే. జనులు చెప్పుకొన్నదియు రోహిణి పేరే. అయినను క్రింది అంచె మండకున్నచో పైనున్న రోహిణి వేదిక మీదనే ఉండిపోవును.

చిత్రశాలలో ఆట ముగిసి దీపములు వెలిగినపుడు పేర్లు తెర మీద వరుసగా పైకి పోవుచుండును. అవి కాలిపోయిన అంచెల పేర్లు. లేచి నిలిచిన వారు ఒక్క నిమిషము ఆగి వానిని చదివినచో, తారను మోసిన చేతులెన్నియో తెలియును. వానిలో ఏ చేయి తన చేతిని పోలియున్నదో చదివిన బాలునకు తట్టవచ్చును. అట్లు తట్టిన వాడు రైలెక్కి పారిపోడు. ముందుగా పని నేర్చుకొనును.